పిట్ట ముట్టని విస్తరి

మూడో రోజు తాపీ నది ఒడ్డున విస్తరిలో అన్నం, మటన్ కూర వడ్డించి, పక్కన చిన్న సీసాలో మందు పెట్టి అందరం వెనక్కి జరిగాం. పిట్ట ముట్టాలి. మా తెలంగాణవాళ్లకు అది తప్పదు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇస్తారు. అంటే బేరమే. నేను సూరత్‌లో చీరల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ని. గిరాకీ గడప దాటకముందే ఎంతకు దిగుతాడో చెబుతానని గొప్పలు పోయేవాణ్ని. కాకి మొహం మాత్రం చదవలేకపోయాను.

పోయినవాడు మరమగ్గాల మీద మాస్టర్. ఆల్థాన్‌లో ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో బతికాం. లోకానికి దోస్తులం.

ఇద్దరు మగవాళ్ల ప్రేమ నేరం కాదని కోర్టు చెప్పిన రోజు, చెవుల్లో దూది కూడా తీయకుండా మగ్గాల దగ్గర్నుంచి నేరుగా దుకాణానికి వచ్చాడు.

"సేటూ, ఇగ మనల్ని పోలీసోళ్లు పట్టరంట!"

"ఇన్నొద్దులు నిన్ను ఎవడు పట్టిండు, నేను దప్ప?"

కొన్నేళ్లకు పెళ్లి సంగతి కూడా కోర్టుకెక్కింది. అది మా చేతుల్లో లేదు, చట్టాలు చేసేవాళ్లు చూసుకోవాలి అన్నారు జడ్జీలు. అతను అన్నం ముందు కూర్చుని తినలేదు. నేను వ్యాపారిలా సర్దిచెప్పాను.

"సగం బేరమన్న కుదిరింది గదా."

"సగం చీర ఎవరన్న కట్టుకుంటరా? నువ్వు అమ్ముతవా?"

తర్వాత థాయిలాండ్‌లో చట్టం మారింది. ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టాడు.

"పోదాం పా. ఆడ లగ్గం జేస్కుందాం."

"ఆడ జేస్కున్నది ఈడ చెల్లదు. చెల్లని మాల్ ఎవడు కొంటడు?"

"చెల్లకుంటే చెల్లకపాయె. నాకు ఒక్కపారి జేస్కోవాలని ఉంది."

"జూద్దాం తియ్" అన్నాను. కొనని గిరాకీని సాగనంపేటప్పుడు మేం అనే మాట అది.

ఒక మధ్యాహ్నం మగ్గాల మధ్యే కుప్పకూలాడు. ఆసుపత్రిలో "ఆప్ కౌన్?" అని అడిగారు. దోస్తునన్నాను. ఇంటివాళ్లను పిలవమన్నారు. బార్డోలీ నుంచి అతని అక్క బస్సు దిగి వచ్చేదాకా నేను తలుపు బయటే ఉన్నాను. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో గ్లాసు కడుగుతున్నా, వెనక నిలబడి ఉన్నట్టే ఉండేది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. చూడకపోతే ఉన్నాడు. అందుకని చూడటం మానేశాను.

కాకి రేవు మెట్ల మీద కూర్చుంది. ఊరి నుంచి వచ్చిన అతని అన్న చేతులు జోడించాడు.

"అవ్వను మేం మంచిగ అర్సుకుంటం తమ్మీ. ముట్టు."

కదల్లేదు.

"ఏటా నీకు బువ్వ పెడతం" అంది అక్క. అయినా కదల్లేదు. ఎండ ఎక్కింది. "బతికినప్పుడు గూడ గింతే మొండోడు" అని వెనక ఎవరో గొణిగారు.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు గూడ ఏదన్న జెప్పు తమ్మీ. నీతోనే ఉండె గదా."

ముందుకు వెళ్లాను. అలవాటు కొద్దీ తక్కువ నుంచి మొదలుపెట్టాను.

"నీ అంగీలు ఎవ్వలకియ్య."

కాకి మెడ తిప్పింది.

"ఇల్లు ఖాళీ చెయ్య."

ఇక మిగిలింది ఒక్కటే. అది అంటే ఇందరి ముందు దోస్తుగా మిగలను. అనకపోతే అతను ఇక్కడే ఉండిపోతాడు.

"థాయిలాండ్ పోదాం. లగ్గం జేస్కుందామంటివి గదా, నేనే వద్దంటి. ఇగో, ఇప్పుడు ఒప్పుకుంటున్న."

గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

"ఏమంటుండు వీడు?" అన్నాడు అన్న.

కాకి లేచింది. విస్తరి మీదుగా ఎగిరి నది అవతలికి వెళ్లిపోయింది. అందరం చాలాసేపు అటే చూశాం.

పిట్ట ముట్టని విస్తరిని నీళ్లలో విడవాలి. అన్న వంగాడు. అక్క అతని భుజం పట్టుకుంది.

"నువ్వాగన్నా. ఇడిసేది ఇంటోళ్లు. ఆయన్ని ఇడవనియ్."

అన్న నా మొహం చూడలేదు. కానీ పక్కకు జరిగాడు.

మోకాళ్ల లోతు నీళ్లలో విస్తరి పట్టుకుని నిలబడ్డాను. కూర మీద నూనె గడ్డకట్టింది. ప్రవాహం ఆకు అంచును లాగుతోంది.

"ఇడువు తమ్మీ" అంది అక్క.

"జర ఆగక్కా" అన్నాను.