వెర్నియర్‌కు చిక్కిన గడ్డ

ఆ రోజుల్లో తెలంగాణ వస్తుందా రాదా అన్న దిగులు అందరిదీ. దాన్ని చూసేదాకా నేనుంటానా అన్నది నా ఒక్కడి దిగులు. డిప్లొమా అయ్యి భూపాలపల్లిలో ఒక వర్క్‌షాపులో పని నేర్చుకుంటూ, సమ్మె రోజుల్లో రిలే దీక్ష టెంటులో కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఖాళీ కడుపుతో వెల్లకిలా పడుకుని ఉంటే, పక్కటెముకలు కలిసేచోట, కడుపు మొదట్లో, గట్టిగా ఒక గడ్డ చేతికి తగిలింది. నేను రెండో తరగతిలో ఉండగా మా బాపు కడుపులో గడ్డతోనే పోయాడు.

ఎవరికీ చెప్పలేదు. వర్క్‌షాపు నుంచి మందాలు కొలిచే వెర్నియర్ తెచ్చి కొలిచాను (కొలిస్తే ఏదైనా లొంగుతుందని అప్పటి నా నమ్మకం). భయంతో తిండి తగ్గింది. తిండి తగ్గి పొట్ట లోపలికి పోయింది. గడ్డ పైకి తేలింది. మళ్లీ కొలిస్తే పెరిగింది. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉందని ఇంత చదివినవాడికి తట్టలేదు. నినాదాలిచ్చీ ఇచ్చీ మైకు అన్నగా పేరుపడ్డ మా గది మిత్రుడు ఒక పొద్దున నన్ను పొట్ట మీద వెర్నియర్‌తో చూశాడు.

"ఏంది తమ్మీ, నీకు నువ్వే బేరింగు మారుస్తున్నవా?"

సంగతి చెప్పి, ఆయన చేయి పట్టి గడ్డ మీద పెట్టాను. ఆయన గొంతు తగ్గడం అదే మొదటిసారి. "అమ్మకు చెప్పినవా?" అన్నాడు. నవ్వించేవాడు నవ్వించకపోతే ఇక ఆశ లేదనిపించింది.

బస్సులు బందు. పాలవ్యాను ఒకటి, ఆటోలు రెండు మారి మా ఊరు జనగామ చేరి, ఇంటికి పోకుండా దవాఖానకు పోయాను. డాక్టరు నొక్కి చూశాడు, స్కానింగూ తీయించాడు.

"గిది గడ్డ కాదు, బొక్క. రొమ్ముబొక్క కొస. నీది జర ముందుకొచ్చింది, గంతే. అన్నం తింటున్నవా?"

ఈ ఎముక కొసే కాదు, కొందరికి కాలేయం అంచు నాలుకలా కిందికి జారి, కొందరికి మూత్రపిండం ఉండాల్సిన చోటుకన్నా కిందుండి, ఇట్లాగే చేతికి తగిలి పరేషాన్ చేస్తాయట.

ఇంటికెళ్లి అమ్మకు నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. కంచంలో అన్నం వడ్డిస్తూనే అంది:

"పసిపిల్లగానప్పుడు నూనె రాయంగ రోజు చేతికి తాకేది గది. మీ బాపుకు సుత గట్లనే ఉండె. ఆయిన పానం తీసింది వేరేది, బిడ్డా."

రాష్ట్రం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, వెనకే పొట్టా వచ్చింది. ఇప్పుడా ఎముక ఊరికే దొరకదు. స్నానం చేసేటప్పుడు వేళ్లు లోపలికి నొక్కి వెతకాలి. బాపు ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. ఎముక దొరికిన పూట మాత్రం చెంబు పక్కన పెట్టి కాసేపు అట్లాగే నిలబడతాను.