తుప్పు పట్టని డ్రమ్ము

పొద్దున్నే ఒకసారి ఆడించి చూద్దామని తిప్పిన జనరేటరు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

మర్నాడు పగలంతా కరెంటు ఉండదని, పాత తీగలు మారుస్తున్నారని లైన్‌మన్ ముందే చెప్పి వెళ్లాడు. ఇంటి వెనక గదిలో ఇంక్యుబేటర్ నిండా ఐదువందల గుడ్లున్నాయి. సరిగ్గా మర్నాడే పెంకులు పగలాలి. వేడి తగ్గిందంటే లోపలి పిల్లలు లోపలే ఉండిపోతాయి.

ఏళ్లుగా కోడిపిల్లలు పొదిగించి అమ్ముతోంది కాబట్టి వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆ ఇంటావిడ గుడ్లక్క. చిన్నప్పుడు కుట్టుపని నేర్చుకోమని పంపితే కుట్టుమిషను విప్పి చూసి, తిరిగి బిగించలేక చీవాట్లు తిని ఇంటికొచ్చిన మనిషి. దేన్ని చూసినా ముందు ‘ఎందుకు’ అంటుంది, మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

మెకానిక్ వచ్చి ఫిల్టరు విప్పాడు. మడతల నిండా గంజి పట్టించినట్టు తెల్లటి జిగురు.

“మళ్లీ అదే అక్కా. బంకువాడు కల్తీ డీజిలు పోస్తున్నాడు, ఇంకేముంది!”

“పిండిమర ఆయనా ఆ బంకులోనే తెస్తాడు. ఆయన ఇంజను రోజూ ఆడుతూనే ఉందిగా?”

“ఆయన అదృష్టం.”

“ఆ అదృష్టం ఫిల్టర్లో పోసి అమ్ముతారా ఏమిటి?”

మెకానిక్ నవ్వి, కొత్త ఫిల్టరు తేవడానికి వెళ్లాడు. గుడ్లక్కకు మాత్రం కాలు నిలవలేదు. ఒక గాజు సీసాలో తన డీజిలు పట్టుకుని పిండిమరకు వెళ్లింది. అక్కడ మామూలు ఇనుప డ్రమ్ము, ఇటుకల మీద నీడన పెట్టి ఉంది. దాంట్లోంచి ఇంకో సీసా నింపించుకుని రెండూ వెలుతురుకు ఎత్తి చూసింది. ఆయనది తేటగా ఉంది. తనది మబ్బు పట్టినట్టుంది. బంకు ఒకటే, డీజిలూ ఒకటే. తేడా అంతా నిల్వ పెట్టిన డ్రమ్ములోనే.

గుడ్లక్క ఇంట్లో ఉన్న డ్రమ్ము తెచ్చింది మరిది. అతనిది వెల్డింగు షాపు. పాతది తుప్పు రాలుస్తోందని ఆవిడ అన్నందుకు, నీళ్ల కోసం తయారైన జింకు పూత డ్రమ్మొకటి మోసుకొచ్చి, “దీనికి జన్మలో తుప్పు పట్టదు వదినా” అని చరిచి మరీ చూపించాడు. అది అద్దంలా తళతళలాడుతుంటే ఇరుగుపొరుగు వచ్చి ముచ్చటపడ్డారు.

కబురందగానే అతనూ పరుగున వచ్చాడు.

“ముందా సిగరెట్టు వీధిలోనే ఆర్పేసి రా బాబూ. మూత తీయాలి.”

ఇద్దరూ తలలు ఆనించి టార్చి వేసి చూశారు. డీజిలు తగిలినంత మేరా పూత మసకబారి బూడిదరంగుకు తిరిగింది. పైన జానెడు మాత్రం ఇంకా మెరుస్తోంది. కర్రతో అడుగు కెలికితే జిగురు తీగలా సాగింది.

“పూత ఎటు పోయింది?” అంది గుడ్లక్క.

“నన్నడుగుతావేం వదినా? నేనేమన్నా తిన్నానా?”

క్యాన్లూ డ్రమ్ములూ అమ్మే కొట్టు పెద్దాయన్ని అడిగితే సంగతి తేలింది. “జింకు పూత ఉన్నదాంట్లో డీజిలు పోయకూడదమ్మా. పూత కరిగి డీజిల్లో కలుస్తుంది, సబ్బులాగా తయారై ఫిల్టర్లు పట్టేస్తుంది. నీళ్లకు అది మంచిదే, దీనికి కాదు.”

“మరి ఈ తెల్ల క్యాను? చవగ్గా ఉందిగా బాబాయిగారూ, ఇదెందుకు పనికిరాదు?”

“అది నీళ్ల క్యాను. డీజిలు పోస్తే మెత్తబడి ఉబ్బుతుంది, మూత దగ్గర కారుతుంది. పైగా దాహమేసినవాడెవడైనా ఎత్తుకు తాగాడనుకో! ఇంధనానికని చేసిన ఈ మందపాటి పసుపు క్యాన్లు పట్టుకెళ్లు. నిండా పోయకు, పైన కాస్త ఖాళీ ఉంచు. వేడికి పొంగుతుంది.”

“ఎందుకు పొంగుతుంది?”

“అమ్మా, నాకు ఇంకో బేరం ఉంది.”

రెండు క్యాన్లు కొంది. బంకులో వాటిని నేల మీద పెట్టించి పోయించుకుంది, మూతలు బిగించింది, పెద్ద అక్షరాలతో ‘డీజిల్’ అని రంగుతో రాసింది. ఇంక్యుబేటర్ గదికి దూరంగా, జనరేటరు పొగగొట్టం వేడి తగలని నీడలో పెట్టింది. మెకానిక్ ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాలు కడిగి, కొత్త ఫిల్టరు బిగించాడు. బంకు మాట మళ్లీ ఎత్తలేదు.

మరిది మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. “డ్రమ్ము తెచ్చింది నేనే కదా వదినా.”

“తెచ్చింది నువ్వు, పోయించింది నేను. ఇద్దరం కలిసే సబ్బు వండాం. రేపు పొద్దున్నే రా, పని ఉంది.”

మర్నాడు తొమ్మిదికల్లా కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది. మధ్యాహ్నం ఒకసారి దాని శబ్దం తగ్గింది. మరిది తింటున్న ముద్ద అలాగే పట్టుకుని చూశాడు. గుడ్లక్క అప్పటికే ఫిల్టరు దగ్గరుంది. గొట్టంలో మిగిలిన గాలి కాబోలు, ఇంజను రెండు గుటకలు వేసి మళ్లీ అందుకుంది. సాయంత్రం కరెంటు వచ్చేదాకా మరి ఆగలేదు.

ఆ మర్నాడు పొద్దున ట్రేలు లాగి లెక్కపెట్టారు. ఐదువందల గుడ్లకు నాలుగువందల ముప్పైయొక్క పిల్లలు. ఎప్పుడూ వచ్చే లెక్కకు తగ్గలేదు.