అవ్వ ఉతుకుడు బండ

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నా చదువు ఒక ఏడాది వెనకబడింది. మా ఇంట్లో ఆ ఏడాదిని తప్పిపోయిన ఎద్దును వెతికినట్టు వెతుకుతూనే ఉన్నారు. అలాంటి నేను పోయి పోయి రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి రాళ్ల మీద పరిశోధనకు కుదిరాను.

చెప్పడానికి నా పని సులువే. భూమి లోపల బాగా లోతున రాయి వేడికి కొంత కరుగుతుంది. కరిగింది చల్లారి తెల్ల చారలవుతుంది, కరగంది నల్ల చారలుగా మిగులుతుంది. రాయి తనలోని తడితోనే కరిగిందా, బయటి నుంచి నీళ్లు చొరబడి కరిగించాయా అన్నది ప్రశ్న. ఆక్సిజన్‌లో బరువైన రకమూ తేలిక రకమూ ఉంటాయి. వాటినే ఐసోటోపులంటారు. రెండు చారల్లోనూ వాటి పాళ్లు కొలిచి పోల్చి చూస్తే, బయటి నీళ్లు వచ్చాయో లేదో జాడ తెలుస్తుంది. అందుకు లోపల ఎండావానా తగలని రాయి కావాలి, నలుపూ తెలుపూ పక్కపక్కనే ఉండాలి. అది దొరక్కపోతే నా థీసిస్ లేదు, ఇంకో ఏడాది గల్లంతు.

జనగామ చుట్టూ తిరిగాను. పైన దొరికిన రాళ్లన్నీ పుచ్చిపోయి, సుత్తి చూపిస్తేనే పొడయ్యేవి. భూపాలపల్లి వైపు అంతా ఇసుకరాయి, అది ఎన్నడూ కరిగిన పాపాన పోలేదు. చివరికి మహబూబాబాద్‌లో నెల్లికుదురు బస్సెక్కాను. ఎంత కిక్కిరిసిందంటే, నేను నిలబడ్డ కాళ్లు నావో కావో దిగేదాకా తెలియలేదు.

నెల్లికుదురు అవతల ఒక ఊళ్లో, మందు పెట్టి పేల్చిన కొత్త బావి పక్కన, నీళ్ల తొట్టి దగ్గర కనిపించింది నా రాయి. పులిచర్మంలా నలుపూ తెలుపూ చారలు. బావి అడుగు నుంచి వచ్చిందట. పైన సబ్బు పట్టినా లోపల నిన్న పుట్టినంత తాజాగా ఉండి తీరాలి. దాని మీద ఆ ఇంటి అవ్వ చీర ఉతుకుతోంది. ఆ ఉతుకుడు చప్పుడుకు వరంగల్‌లో పావురాలు లేచి ఉంటాయి.

ఒక్క ముక్క కావాలన్నాను. అవ్వ ఉతకడం ఆపి, నేను ఆమె పంటి ముక్క అడిగినట్టు చూసింది. బదులుగా వేరే బండ తెస్తానన్నాను. వాగు దగ్గర ఒకదాన్ని ఏరి, ఎడ్లబండి మీద నవాబును ఊరేగించినట్టు తెచ్చి దించాను. అవ్వ అరచేత్తో నిమిరి, ఇది నున్నగుంది, బట్ట జారిపోతది గని మురికి పోదని తేల్చింది. గట్టు మీద చుట్ట కాలుస్తున్న ఆమె పెనిమిటికి పండగలా ఉంది.

మూడు పూటల బతిమాలుడు తర్వాత అవ్వ తడి వేలితో బండ మూల చూపించింది.

"గీ మూల కొట్టుకో బిడ్డా. చీర ఉతికినప్పుడల్లా గుంజి చింపుతది. నడుమ మీద చెయ్యేసినవో, ఊకోను."

నా కళ్లన్నీ నడుమనున్న అందమైన చారల మీదే. మూలన రెండు రంగులూ ఉన్నాయో లేదో సబ్బు కింద కనబడదు. పైగా నా దెబ్బకు బండ నిలువునా చీలితే? తాత చుట్ట తీసి ఆ సంగతి కూడా చెప్పాడు.

"పగిలిందనుకో, రేపటి సంది నువ్వే వంగాలె. నీ వీపు మీద ఉతుకుతది."

సుత్తి ఎత్తాను. నా వీపు ముందే జలదరించింది. కళ్లు మూసుకుని ఒక్కటిచ్చాను. ఠప్పున మూల ఊడి, కొబ్బరి చిప్పంత ముక్క కాళ్ల దగ్గర పడింది. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు, మధ్యలో గీత గీసినట్టు. బండకు బీట కూడా పడలేదు. నేను ముక్కను ముద్దు పెట్టుకుంటుంటే అవ్వ ఆ మూలన చీర పరిచి లాగి చూసింది. చిక్కుకోలేదు. ఇంకేం, ఇద్దరం గెలిచాం.

ముక్క ఎక్కడో దూరాన ఉన్న ప్రయోగశాలకు పోయింది. నెలల తరబడి నేను పోస్ట్‌మాన్‌కు పెళ్లికూతురి తండ్రిలా మర్యాద చేశాను. ఫలితం రానే వచ్చింది. తెలుపులోనూ నలుపులోనూ ఒకే తీరు లెక్క, బయటి నీళ్ల జాడ లేదు. ఆ రాయి తన తడితోనే కరిగింది. థీసిస్ నిలబడింది.

బట్టల సబ్బులు కొనుక్కుని నెల్లికుదురు బస్సెక్కాను. కరిగేటప్పుడు నీ బండలోకి బయటి నీళ్లు చుక్క కూడా పోలేదవ్వా అని, ప్రపంచానికి ప్రకటించినట్టు చెప్పాను. అవ్వ తొట్టినీ బండనూ మార్చి మార్చి చూసింది.

"నేను దినాం గిన్ని కడవలు పోస్తున్న గదా. గిప్పుడన్న తాగుతుందా, లేదా?"

తాగదన్నాను. "అయితే నీ సదువు?" అంది. అయిపోయిందన్నాను.

"గట్లయితే ఎక్కి నిలబడు. కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త."

ఎక్కాను. తాత చెంబుతో నీళ్లు పోశాడు. ఆ నీళ్లు నా పాదాల మీద నుంచి నల్ల చారా తెల్ల చారా దాటి, నేను కొట్టిన మూల దగ్గర కిందికి జారి, పక్కనున్న వంగ మడిలోకి పోయాయి.