గుర్రానికి నాలుగు నిమ్మకాయలు

రేపు కిర్గిజ్‌స్థాన్ వెళ్తున్నాను, వారం పాటు కొండల్లో గుర్రపు స్వారీకి. మణికొండ ట్రాఫిక్‌లో స్కూటీ తప్ప నేనేదీ నడిపి ఎరగను. నేర్చుకుందామని వెళ్తే, ఈ రోజు పొద్దున గుర్రం ఉన్నట్టుండి పరుగందుకుంది. పడలేదు కానీ, దిగాక మళ్లీ ఎక్కలేదు.

సూట్‌కేసు సర్దుతుంటే అత్తయ్య వచ్చి అందులో నాలుగు నిమ్మకాయలు పెట్టారు.

"కొత్త బండికి తొక్కించినట్టే, ఎక్కేముందు ఒక్కో కాలి కిందా ఒకటి పెట్టించమ్మా."

"అది కారు కాదు అత్తయ్యా, గుర్రం! తినేస్తే?"

"తిననీ. తిండి పెట్టిన మనిషిని పడేస్తుందా ఏంటి?"

నవ్వేశాను. ఇందాక తూస్తే సూట్‌కేసు బరువెక్కువైంది. ఒక జీన్స్ తీసేశాను, నిమ్మకాయల జోలికి పోలేదు.

అక్కడి కస్టమ్స్‌లో నిమ్మకాయలు ఆపుతారా? తెలిసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి. ఆపితే మాత్రం నేను గుర్రం ఎక్కను.