బాబాయి దించిన గాంధారం

మా బాబాయి హార్మోనియంలు బాగుచేస్తాడు. లోపలి ఇత్తడి రీడును కొన దగ్గర గీరితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీరితే దిగుతుంది. ఆయనవి పాముచెవులు. పక్కింటి తలుపు కిర్రుమంటే అది ఏ స్వరమో చెప్తాడు. ఆ చెవులే ఆయన కొంప ముంచాయి.

మొదట ఒక టీచరు. ఆమె ఏడుస్తూ మనసులో మాట చెప్తుంటే, "నీ గొంతు ఇవాళ కాస్త పైకుంది" అన్నాడట. తర్వాత ఒక నర్సు. ఆయన పుట్టినరోజుకని పాట నేర్చుకుని వచ్చి పాడితే, మధ్యలో ఆపి మళ్ళీ పల్లవి నుంచి అందుకోమన్నాడు. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

"తప్పుని తప్పంటే నా తప్పేంటే?" అని నాతో ఇప్పటికీ వాదిస్తాడు. ఇలాంటి మనిషితో ఏం వేగుతాం!

యాభై రెండో ఏట ఆయన మనసు ఎదురు కొట్లో బట్టలు కుట్టే ఆవిడ మీద పడింది. నాకెలా తెలిసిందంటే, ఒక్క నెలలో ఆయన చొక్కాలు మూడింటికి గుండీలు ఊడాయి. మూడూ కొత్త చొక్కాలే. ఇక లాభం లేదని పోయిన ఆదివారం ముగ్గురికీ నేనే మ్యాట్నీకి టికెట్లు తెచ్చాను.

సినిమాలో హీరో పాటలు కడతాడు. ప్రేమ చెడినప్పుడల్లా ఒక పాట. హాలంతా పగలబడి నవ్వుతుంటే బాబాయి మాత్రం బిగుసుకుని కూర్చున్నాడు. చివర్లో హీరో ఒంటరిగా వేదిక మీద పాడుతున్నప్పుడు నా వైపు వంగి, "వీడికి పాటలన్నా మిగిలాయి. నాకు అదీ లేదు" అన్నాడు.

బయటికి వస్తూ ఆవిడ ఆ పాటే కూనిరాగం తీసింది. బాబాయి చేతుల్లో పెరిగినదాన్ని కదా, నాకూ కాస్త చెవి ఉంది. గాంధారం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు వెంట్రుకవాసి దిగింది. బాబాయి నోరు తెరిచాడు. మూడోది కూడా పోయిందే అనుకుని ఆయన చెయ్యి గట్టిగా గిల్లాను. నోరు మూశాడు. ముఖం మాత్రం పంటినొప్పి వచ్చినవాడిలా పెట్టాడు.

"ఏంటండీ, మాట్లాడరు? బాగా పాడలేదా?" అంది ఆవిడ.

"రేపు చెప్తాను" అన్నాడు.

ఇదేం జవాబు! దారంతా ఆవిడ మళ్ళీ పాడలేదు. నేను తల కొట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భయపడుతూనే బాబాయి కొట్టుకి వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని ఆయన సొంత హార్మోనియం పైపలక తీసి ఉంది. లోపల ఒక్క రీడుకి మొదలు దగ్గర కొత్తగా గీరిన మెరుపు. ఎదురుగా స్టూలు మీద ఆవిడ, ఒళ్ళో ఎవరిదో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతూ నిన్నటి పాట పాడుతోంది. బాబాయి వాయిస్తున్నాడు. ఆయన చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి. గాంధారం దగ్గర ఆవిడ గొంతూ, ఆయన హార్మోనియం పెట్టె స్వరమూ కలిసే దిగాయి.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "బాబాయ్, నీ గాంధారం తక్కువ పలుకుతోంది" అన్నాను.

"నువ్వు పెట్టె ఒక్కదాన్నే వింటున్నావే పిచ్చిదానా" అన్నాడు, వాయించడం ఆపకుండానే. "ఆవిడతో కలిపి విను."