తాళంకప్ప బొమ్మ పక్కన అక్క పేరు

"ఇంకా కిందికి జరుపు పాపా. ఏం కనపడతాండాది?"

కర్నూలు నుంచి ఫోన్లో, మా కంప్యూటర్లు చూసే ఇంజినీరన్న. రిసీవరును భుజంతో చెవికి నొక్కిపెట్టుకుని మౌసు తిప్పుతున్నాను.

"తాళంకప్ప బొమ్మలన్నా, వరసపెట్టి ఉండాయి. అన్నిటి పక్కనా అక్క పేరే."

నంద్యాలలో మా పత్తి విత్తనాల ఆఫీసుకు సర్వరు అప్పుడు కొత్త. ఎవరు ఏ ఫోల్డరు తెరవబోయినా అది రాసిపెట్టుకునేది. తెరవనిస్తే తాళంచెవి బొమ్మ, తెరవనీయకపోతే తాళంకప్ప బొమ్మ. పదో తరగతితో చదువాపి, బజారులో కంప్యూటరు నేర్చుకుని చేరిన నాకు ఆ బొమ్మలే అర్థమయ్యేవి. ఇంగ్లీషు లైన్లను ఒక్కో అక్షరమే ఫోన్లో చదివేదాన్ని.

అక్కంటే తోడబుట్టింది కాదు. రోజూ ఆళ్లగడ్డ నుంచి తొలి బస్సుకు వచ్చి, అందరికంటే ముందు ఆఫీసు తీయించి, నా పక్క సీట్లో కూర్చునే మనిషి. ఇంటాయన నడుం దెబ్బతిని లారీ మానేశాక ఆమె జీతంతోనే ఇల్లు నడిచేది.

ఆ అక్కను ముందురోజే మేనేజరు పనికి రావద్దన్నాడు. కంప్యూటర్లో విత్తనాల రేట్లు ఎక్కించే పని ఒకప్పుడు ఆమెదే. తర్వాత ఆయన ఆ రేట్ల ఫోల్డరు తనకొక్కడికే ఉంచుకుని మిగతావాళ్లకు మూయించాడు. అయినా రోజూ పొద్దున్నే, ఎవరూ రాకముందే, ఆమె పేరుతో ఒక తాళంకప్ప పడుతోంది.

"పక్క కంపెనీకి రేట్లు మోస్తాండావా?" అని అందరి ముందరా అడిగేశాడు.

"నేను ముట్టలే సార్" అని, సంచీ తీసుకుని వెళ్లిపోయింది అక్క.

ఎన్నాళ్లుగా జరుగుతోందో తేల్చమని నన్ను సర్వరు ముందు కూర్చోబెట్టింది మేనేజరే.

"ఈ పొద్దు పడిందా?" అన్నాడు ఇంజినీరన్న.

"లేదన్నా."

"చూసినావా మే! మనిషి రాలే, దొంగతనమూ లే" అన్నాడు వెనక నిలబడ్డ మేనేజరు.

ఇంజినీరన్నకు ఏదో తట్టినట్టుంది. "ఆయమ్మ కంప్యూటరు ఆన్ చేసి, ఆమె పేరుతోనే లోపలికి పో. తర్వాత దేన్నీ ముట్టద్దు."

మా ఆఫీసులో పాస్‌వర్డులు దాచుకునే అలవాటు లేదు. అక్కది ఆమె కూతురి పేరే. అది కొట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద బొమ్మలన్నీ వచ్చాక లేచి సర్వరు చూస్తే, కొత్త తాళంకప్ప!

ఫోను మేనేజరుకిచ్చాను. ఇంజినీరన్న గొంతు నాకూ వినిపిస్తోంది. "రేట్ల ఫోల్డరుకు పాత లింకు ఆమె కంప్యూటర్లో అట్లే ఉండాది సార్. తీసేది నేనే మర్చిపోయినా. ఆన్ చేస్తానే అదే పోయి తలుపు తడతాండాది. ఆయమ్మ ఏం చేయలే."

మేనేజరు ఫోను పెట్టేశాడు. "రమ్మని చెప్పు మే."

"అందరి ముందర అన్నారు కద సార్. నేను చెప్తే వస్తాదా?"

మొహం తుడుచుకున్నాడు. "అందరి ముందరే తప్పయిందని చెప్తాలే. పిల్చకరా."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. అక్క వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"ఏం మే, ఇంత పొద్దున్నే?"

"నువ్వు కాదంటక్కా, కంప్యూటరంట!"

"నేను కాదని నాకు తెల్దా? ఆయప్పకు తెలిసిందా?"

"తెలిసింది. అందరి ముందర చెప్తాడంట."

అక్క బూడిద చేతులు కడుక్కుని లేచింది. ఆమె చీర మార్చుకుని వచ్చేలోగా మిగిలిన గిన్నెలు నేను తోమేశాను.