గడప అవతలి శీర్షం

నా చిన్నప్పుడు, పదో తరగతి పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో, నాకు ఆటలమ్మ పోసింది. చిత్తూరులో మేమున్న ఇంటి తూర్పు గదిలో, మంచం మీద వేపాకు పరిచి నన్ను పడుకోబెట్టారు. తలకు నీళ్ళు పోసేదాకా నేను గడప దాటకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. చదివితే కళ్ళు చెడతాయని అవ్వ నా పుస్తకాలన్నీ అటకెక్కించింది. నీళ్ళు పోసిన మర్నాడే లెక్కల పరీక్ష. అందులో తప్పితే చదువు చాలించమని నాయన ముందే చెప్పి ఉన్నాడు. నిరూపక రేఖాగణితమేమో నాకు బొత్తిగా అంతుపట్టలేదు. మూసిన కిటికీకేసి చూస్తూ ఉంటే ఊపిరాడేది కాదు.

కాలేజీలో చదువుతున్న పక్కింటి అక్క సాయంత్రాలు వచ్చి, గడప అవతల వరండాలో నిలబడి పలకరించి పోయేది. ఏ లెక్క రాలేదని ఒకనాడు అడిగింది. భుజాల మధ్యబిందువులు ఇచ్చి, త్రిభుజం శీర్షాలు కనుక్కోమనే లెక్క అన్నాను. ఆమె కాసేపు నేలకేసి చూసింది. గదిలోనూ వరండాలోనూ పరిచినవి ఒకే కొలత నల్లబండలు. నైరుతి మూల నుంచి తూర్పుకు, ఆపైన ఉత్తరానికి బండలు ఎంచి, (2,3), (5,4), (4,2) బండల మీద వేపాకు ఒక్కొక్కటి పెట్టమంది. పెట్టి, ఇదే కదా త్రిభుజం అన్నాను.

"అది లోపల ఇరుక్కున్న చిన్నది మే. పెద్దది దాని చుట్టూ ఉండాది. పెద్దదాని ఒక్కో మూలకు అటూ ఇటూ ఉండే ఆకులు రెండూ కూడు, ఎదురుగా ఉండేది తీసెయ్."

(2,3), (4,2) కూడితే (6,5). అందులో (5,4) పోతే (1,1). రెండో శీర్షం (3,5). మూడోది (7,3) వచ్చింది. తూర్పుకు మా గదిలో ఉన్నవి ఆరు బండలే. తప్పు చేశాననుకుని మళ్ళీ కూడి చూశాను. మళ్ళీ ఏడే.

"గది చాల్లేదక్కా."

"గది చాలకుంటే లెక్క తప్పవుతాదా? గడప వదిలేసి ఎంచు."

ఎంచాను. మూడో వరసకు సరిగ్గా ఎదురుగా తలుపు. ఏడో బండ మీద అక్క పాదాలున్నాయి. ఆమె నవ్వుతూ కదలకుండా నిలబడి ఉంది.

పరీక్షలో ఆ లెక్క రాలేదు. అయినా గట్టెక్కాను, చదువు సాగింది. ఇప్పటికీ ఎక్కడైనా చిక్కుకుపోయి కూర్చోవలసి వస్తే, నా కళ్ళు వాటంతటవే నేల బండలు ఎంచుతాయి. చివరి బండ గోడకు తగిలిన చోట లెక్క ఆపను. గడప అవతల ఆమె నిలబడిన బండను కూడా కలుపుకుంటాను.